తప్పు దగ్గరే చెయ్యి కనపడుద్ది: ఎస్తేరు రాణి టీచర్ గారి జ్ఞాపకానికి

ఎస్తేరు రాణి టీచర్ గారు ఇక లేరన్న వార్త నాకు జగ్గయ్యపేటలో, ఒక టిఫిన్ హోటల్ యజమానితో అతని బోర్డు మీది తెలుగు గురించి తగాదా పడుతుండగా అందింది. ఫోను చేసింది ఆవిడ కూతురు విమల. "మావయ్యగారూ, తెల్లారుజామున అమ్మ వెళ్లిపోయిందండి" అంది. అంతే. నా నోటి వెంట వచ్చిన మాట ఇది: "ఇది ఎలా సాధ్యం?"

మరణం ఎలా సాధ్యమో తెలియని వయసు కాదు నాది. తోటివాళ్లలో చాలామందిని సాగనంపాను. అయినా ఆ మాటే వచ్చింది. ఆ మాట తెలుగు నేల మీద ఏ మనిషీ మాట్లాడడని, అది డబ్బింగు వాళ్లు గదిలో కూర్చుని పుట్టించిన మాటని, ఏళ్ల తరబడి ప్రతి ఆదివారమూ ఆవిడ ఎదుట కూర్చుని వాదించినవాణ్ణి నేనే. విని ఆవిడ నవ్వేవారు. ఆ నవ్వు ఆగిపోయిందని తెలిసిన క్షణాన అదే మాట నా గొంతులోంచి ఊడిపడింది. హోటలతను బోర్డు సంగతి మరిచి, నాకు కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆవిడ శిష్యులు వేస్తున్న ఈ జ్ఞాపకాల సంచికకు నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. ముందుగా పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఈ వ్యాసం పైన ఉన్న టీచర్ గారి ఫొటోలో ఒక తప్పు దొర్లింది. అచ్చుకు పోయేలోగా దాన్ని దిద్దించాలా, వదిలెయ్యాలా అన్న తీర్పు నాకు అప్పగించారు. తప్పు కనపడితే ఊరుకోనివాడినని ఈ చుట్టుపక్కల నాకు పేరు కదా. నిజానికి ఇలాంటి తీర్పు ఆవిడనే అడగాలి. అడగడానికి ఆవిడ లేరు. అందుకని ఆవిడ ఎలాంటి మనిషో మొదటినుంచీ తలుచుకుంటూ వస్తాను. జవాబు అందులోనే దొరకాలి.

నేను బడి మెట్లు ఎక్కువ ఎక్కినవాణ్ణి కాను. మా నాన్నగారి కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పాత పత్రికలే నా పాఠ్యపుస్తకాలు. చదివాకే పొట్లం కట్టేవాణ్ణి, అందుకు దెబ్బలు కూడా తిన్నాను. పెద్దయ్యాక మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాను. పెళ్లిళ్లూ, ఎలక్షన్లూ, దినకర్మలూ, ఈ ప్రాంతంలో గట్టిగా వినపడిన గొంతులన్నీ ఒకప్పుడు నా హారన్లలోంచి వెళ్లినవే. గొంతును బట్టి మనిషిని పట్టడం నాకు అట్లా అబ్బింది. తెలుగు తప్పుగా వింటే నరం తెగినట్టు ఉండటం కూడా.

టీచర్ గారితో పరిచయం ఒక తప్పుతోనే మొదలైంది. అప్పట్లో విజయవాడ బస్సులు నందిగామ ఊళ్లోంచే వెళ్లేవి. కిటికీలోంచి చూస్తే, బడి ప్రహరీ గోడ మీద ఒకావిడ నిచ్చెనెక్కి కృష్ణా జిల్లా పటం వేస్తున్నారు. ఆ పటంలో మునేరు జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య పారుతోంది. నా కళ్లు మండాయి. బస్సు ఆపించి దిగాను.

"ఏవండీ, మునేటిని తెచ్చి మా వైపు పారించారేంటి? పేట నుంచి నందిగామ రావడానికి మేం మునేరు దాటమే. అది మీ ఊరు దాటాక, కీసర కాడ కదా" అన్నాను.

ఆవిడ నిచ్చెన మీదనుంచి దిగకుండానే రోడ్డు అటూ ఇటూ చూశారు. "అవునండోయ్, నిజమే. దిద్దుతాను. ఇంతకీ ఇందులో బాగున్నదేమన్నా కనపడిందా మీకు?" అన్నారు.

"అది చెప్పడానికి దిగలేదండి నేను."

"అయితే అది చెప్పేదాకా ఈ నిచ్చెన పట్టుకోండి. కాలొకటి పొట్టిది, ఊగుతా ఉంది."

నా బస్సు వెళ్లిపోయింది. ఎండలో నిచ్చెన పట్టుకుని ఆ గోడ వంక చూస్తూ నిలబడ్డాను. వెతకగా వెతకగా చివరికి ఒకటి దొరికింది. "కృష్ణ ఒంపు బాగుందండి. నీళ్లు కదుల్తున్నట్టే ఉంది" అన్నాను. "ఇప్పుడు వదలండి" అన్నారు ఆవిడ. మా స్నేహానికి రాజ్యాంగం అదే. తప్పు పట్టినవాడు అదే చేతి పనిలో ఒక ఒప్పు కూడా చూపాలి. చూపేదాకా నిచ్చెన వదలకూడదు.

ఈ నియమం ఆవిడ నాకోసం కనిపెట్టింది కాదు. ఆ బళ్లో ఆవిడ డ్రాయింగు టీచరు, పిల్లల దగ్గరా ఇదే. మన బళ్లలో డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టార్లు లాక్కునే పీరియడని అర్థం. ఆ అన్యాయం మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు, కానీ ఆవిడ ఏనాడూ తగాదా పడలేదు. దొరికిన పీరియడులోనే పిల్లల్ని కూర్చోబెట్టి గీయించేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒక పిల్లవాడి గేదె బొమ్మ పైకెత్తి, దానికి ఐదు కాళ్లున్నాయని క్లాసంతా నవ్వేట్టు చేశాడట. ఆవిడ మాత్రం ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, "ఈ ఐదోది ఎందుకు పెట్టావురా?" అని అడిగారు.

"కాలు కాదు టీచర్, తోక. ఈగలు తోలతంది."

"మరి కుచ్చేదిరా?"

"పేడలో మునిగిపోయింది టీచర్."

గేదెను వీడు చూసి గీశాడు, మనం చూడకుండా నవ్వాం అన్నారట ఆవిడ తనిఖీ ఆయనతో. ఆ పిల్లవాడు నాగరాజు. ఇవాళ నందిగామలో ఫ్లెక్సీలూ, శుభలేఖలూ వేసే ప్రెస్సు అతనిదే. ఈ సంచిక అచ్చేస్తున్నదీ అతనే. ఫొటోలో తప్పు చేసిందీ అతనే.

ఆవిడ రిటైరయ్యాక మోకాలికి ఆపరేషను జరిగి, మంచం మీదుండవలసి వచ్చింది. అమ్మకు పొద్దుపోవడానికి విమల ఫోనును టీవీకి కలిపి ఒక జపాను బొమ్మల సీరియల్ పెట్టింది. ఈ తరం వాళ్లు యానిమే అంటారట. తెలుగులోకి డబ్ చేసింది. దీవుల మధ్య పడవ మీద ఉత్తరాలు పంచే ఒక పిల్ల, పడవ నడిపే ఆమె తాత, అంతే కథ. నేను పరామర్శకని మిక్చరు పొట్లం పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ టీవీలోకి వంగి చూస్తున్నారు. "అన్నయ్యగారూ, కూర్చోండి. ఆ తాత గాయపు మచ్చ ఏ చెంప మీదుందో చెప్పండి" అన్నారు.

"ఎడమ చెంప."

"చూస్తా ఉండండి."

తాత చుక్కాని తిప్పుతూ ఇటు తిరిగాడు. మచ్చ కుడి చెంప మీదుంది. మళ్లీ తిరిగేసరికి ఎడమకు వచ్చేసింది.

"ఎంత నిర్లక్ష్యమండీ. ఒక మనిషి మొహం మీద మచ్చ ఎక్కడుందో కూడా గుర్తుండదా?" అని నేను లేచాను.

"కూర్చోండి. గీసిన బొమ్మను తిరగేసి వాడారు, ట్రేసింగ్ పేపరు బోర్లా పెట్టినట్టు. అంగీ మడత కూడా చూడండి, ఎడమది పైకి రావాల్సింది కుడిది వచ్చింది. పాపం, ఎవరో నిద్రకళ్లతో పని చేసుంటారు."

విమల ఫోనులో వెతికి, కుడివైపు మడత పైకి రావడం ఆ దేశంలో చనిపోయినవాళ్లకు బట్టలు కట్టే పద్ధతని చెప్పింది. టీచర్ గారు పకపకా నవ్వి, "అయితే మన పడవ తాత ఆ ఒక్క క్షణం చచ్చి బతికాడన్నమాట" అన్నారు.

ఆ రోజునుంచి ఆదివారం వస్తే నా ప్రయాణం నందిగామకే. ఆవిడ చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, టీవీ ముందు మా సభ మొదలయ్యేది. కన్ను ఆవిడది, చెవి నాది. నిండు టీ కప్పు తాగినా నిండుగానే ఉండటం, ఒకే కాకి ఒకే మబ్బు పక్కనుంచి మళ్లీ మళ్లీ ఎగరడం, తెడ్డు పట్టిన చేతికి వేలొకటి ఎక్కువ రావడం, సంతలో జనమంతా రెప్పవేయకుండా శిలల్లా నిలబడటం, ఇవి ఆవిడ వాటా. తెల్లటి అన్నం ముద్ద చేత్తో పట్టుకుని పిల్ల దాన్ని పులిహోర అనడం, ఒక సీనులో "తాతయ్యా" అని మరుసటి సీనులో అదే మనిషిని "అంకుల్" అనడం, చేపలమ్మే అతను పురోహితుడిలా "నీకు మృత్యువు ఆసన్నమైంది" అనడం, ఇవి నా వాటా. దీవి రాజుకూ బెల్లం కొట్టు ముసలాడికీ గొంతు ఒకరిదేనని వాక్యానికి ముందు తీసే ఊపిరిని బట్టి పట్టేశాను. "రాజుగారు సాయంత్రం పూట బెల్లం అమ్ముకుంటన్నాడు, రాబడి చాలక" అన్నారు ఆవిడ.

"ముసలాళ్లిద్దరూ కార్టూన్లు చూసుకుంటన్నారంట" అని వీధిలో ఒకళ్లిద్దరు ఎకసెక్కాలాడారు. జీవితంలో ఒక్క బొమ్మనైనా నిలబడి చూడని మనుషుల ఎకసెక్కం అది. నేను జవాబు చెప్పబోతే ఆవిడ వారించి, వాళ్లను కూడా పిలిచి మిక్చరు పెట్టారు. ఒకతను కూర్చుని సగం ఎపిసోడు చూసి, ఆ కాకి తప్పును తనే పట్టుకున్నాడు కూడా.

ఒకసారి డబ్బింగు రాసిన వాళ్లమీద నేను మరీ రెచ్చిపోయాను. ప్రతివాడూ "చూడూ", "అదేంటంటే", "అవునా మరి" అంటాడు, ఈ ఊతపదాలెందుకు, మాట సూటిగా చెప్పలేరా అని. ఆవిడ టీవీ గొంతు ఆపేశారు.

"ఏదీ, మీరు చెప్పండి. పడవ ఎక్కనని తాతతో చెప్తా ఉంది పిల్ల. ఆమె నోరు తెరిస్తే మీ మాట మొదలవ్వాలి. మూస్తే అయిపోవాలి."

మైకు ముందు జీవితం గడిపినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. "నేను రాను తాతా" అన్నాను. నా మాట అయిపోయింది. పిల్ల నోరింకా ఆడుతోంది. "రానంటే రాను" అన్నాను. ఇంకా ఆడుతోంది. "అదీ... చూడూ... అదేంటంటే మరీ..." వంటింట్లోంచి విమల నవ్వలేక పొట్ట పట్టుకుని వచ్చింది. "మావయ్యగారూ, మీరూ డబ్బింగు తెలుగే మాట్లాడుతున్నారండి."

టీచర్ గారు నవ్వలేదు. "చూశారా, ఎవరో వేరే భాషలో ఆడించిన నోట్లో మన మాట పట్టించాలి. ఖాళీ మిగిలితే ఊరకే వదలకూడదని దాంట్లో ఏదో ఒకటి పెట్టారు. అది తప్పే. తప్పు దగ్గరే చెయ్యి కనపడుద్ది అన్నయ్యగారూ. ఒప్పు దగ్గర బొమ్మే కనపడుద్ది" అన్నారు.

ఈ మాట నేను చాలాకాలం సరిగా అందుకోలేదు. తాత చనిపోయే ఎపిసోడు వచ్చినప్పుడు అందింది. అందులో బొమ్మలు కదలడం దాదాపు మానేశాయి. ఒక బొమ్మ నిలబడిపోతుంది, దాని మీద మాటలు నడుస్తాయి, మళ్లీ ఇంకో బొమ్మ. పిల్ల జడ ఒకచోట తడిసి, ఒకచోట పొడిగా ఉంది. నేను తప్పులు చెప్పుకుంటూ పోతున్నాను. ఆవిడ వైపు తిరిగాను. చూస్తే కళ్లనీళ్లు. "వీళ్లకు టైము చాల్లేదండి. ఎక్కడో పని కోసుకోవాలి, మనుషుల దగ్గర కోసుకున్నారు. సముద్రం దగ్గర మాత్రం తగ్గలేదు, చూడండి. ఒక్కో అల ఒక్కో తీరుగా ఉంది. తాత పోతే ఆగిపోవాల్సింది ఇంట్లోవాళ్లు, సముద్రం కాదని ఎవరికో తెలుసు" అన్నారు. తెలిసే చేశారో, టైము చాలక చేశారో నాకు నేటికీ తెలియదు. కానీ భర్త పోయిన ఇంట్లో పసిబిడ్డతో అంతా ఆగిపోయినప్పుడు, బయట లారీలు ఎట్లా నడుస్తూ ఉండేవో ఆవిడ ఒకప్పుడు నాతో చెప్పి ఉన్నారు.

ఒక్క మాటకు మాత్రం నేను ఒప్పు చూపలేకపోయాను. తుపానొచ్చినా, తెడ్డు విరిగినా, కుండలో నీళ్లయిపోయినా ఆ సీరియల్లో ప్రతి మనిషీ "ఇది ఎలా సాధ్యం?" అంటాడు. మన మనిషైతే అయ్యో అంటాడు, అమ్మా అంటాడు, ఓరి దేవుడో అంటాడు. ఇదేం మాటండీ అనేవాణ్ణి. ఆవిడ దాన్ని ఊతపదం చేసుకున్నారు. "ఇవాళ కరెంటు పోలేదు, ఇది ఎలా సాధ్యం?" "అన్నయ్యగారు హోటలు బోర్డు చూసి కూడా తగాదా పెట్టుకోకుండా వచ్చారంట, ఇది ఎలా సాధ్యం?" నేను ఉడుక్కుంటే, "దీనికీ ఒప్పు ఉంటది. మీరే చెప్తారు ఒకరోజు, తొందరేం లేదు" అనేవారు.

ఆవిడకు గుండె జబ్బు వచ్చి ముదిరాక కూడా సభ ఆగలేదు. చివరి ఆదివారం ఎపిసోడు మధ్యలో ఆయాసమొచ్చి, "ఇక్కడ ఆపండి, మిగతాది వచ్చే వారం" అన్నారు. పిల్ల తెడ్డు పైకెత్తి ఉండగా ఆగింది బొమ్మ. ఆ వారంలోనే విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ సగం నేను చూడలేదు. ఇక చూడను.

భూస్థాపన రోజున జనం బాగా వచ్చారు. అధికారులెవరూ రాలేదు, డ్రాయింగు టీచరు కదా. శిష్యులు వచ్చారు, అది చాలు. ఆ తర్వాత కొద్దిరోజులకు నాగరాజు ఈ సంచిక ప్రూఫులు చూడమని పిలిచాడు. మొదటి పేజీ తిప్పగానే నా రక్తం పొంగింది. టీచర్ గారి ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంప మీదుంది. పైట కుడి భుజం మీదికి వచ్చింది. పడవ తాత అంగీ మడత గుర్తొచ్చింది.

"ఏవయ్యా నాగరాజూ, ఆవిడ చేతికింద చదువుకున్నవాడివి. ఆవిడ మొహం ఎటుందో తెలీదా నీకు?"

అతను తల దించుకున్నాడు. "తిప్పింది నేనేనండి. అసలు ఫొటోలో టీచరు పేజీలోంచి బయటికి చూస్తా ఉంది. బొమ్మ ఎప్పుడూ కాయితంలోకి చూడాల, బయటికి చూస్తే చూసేవోడు కూడా బయటికి పోతాడని ఆమే చెప్పింది మాకు. అందుకని మీ యాసం వచ్చే వైపు తిప్పాను. పైట సంగతి చూసుకోలేదండి. విమలక్కని అడిగితే, మీరెట్టా చెప్తే అట్టా చెయ్యమంది."

కోపం సగం దిగింది కానీ, దిద్దించాలన్న నిర్ణయం మారలేదు. ఎంత మంచి కారణముంటే మాత్రం మనిషి మొహం తిరగేస్తారా? ఈ కాగితం ఇంటింటా ఉండబోయేది. తెలియని పిల్లలు రేపు దీన్ని చూసి ఆవిడ ఇట్లాగే ఉండేవారనుకుంటారు. ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని విమల దగ్గరికి వెళ్లాను, దిద్దించేస్తున్నానని చెప్పడానికి.

విమల కాగితం వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. "మావయ్యగారూ, నాకు అమ్మ ఇట్టాగే గుర్తండి" అంది.

"ఇట్లా ఎట్లాగమ్మా? మచ్చ అటు కదా."

"ఎదురుగా చూస్తే అటేనండి. చిన్నప్పుడు రోజూ బడికి పోయేముందు జడేసేది కదా. నేను అద్దం ముందు పీట మీద, అమ్మ నా ఎనకాల. ఇద్దరికీ బడికి టైమయిపోతా ఉండేది, మాట్లాడాలంటే అద్దంలోనే మాట్లాడుకునేవాళ్లం. మచ్చ ఇటే ఉండేది. పైట కూడా ఇటే. తర్వాత ఇద్దరం పనుల్లో పడి, ఎదురెదురుగా అంతసేపు ఎప్పుడూ చూసుకోలేదండి."

ఆ గదిలో టీవీ ఆపి ఉంది. దాని నల్లటి అద్దంలో మేమిద్దరం కుడిఎడమలు తారుమారై కనపడుతున్నాం.

నాగరాజుకు ఫోను చేసి, ఫొటో అట్లాగే ఉంచమన్నాను. "నిజంగానాండి?" అన్నాడు, నమ్మకం చాలక. తప్పు తెలిసీ వదిలిపెట్టిన మొదటి కాగితం ఇదే నా జీవితంలో.

కనుక పాఠకులారా, ఈ ఫొటోలో తప్పుంది. ఎస్తేరు రాణి టీచర్ గారి పుట్టుమచ్చ ఎడమ చెంప మీదుండేది, పైట అందరిలాగే ఎడమ భుజం మీద. ఈ బొమ్మలో ఉన్నది ఒక కూతురు ప్రతి ఉదయమూ అద్దంలో చూసుకున్న తల్లి. ఒక శిష్యుడు గురువు చెప్పిన పాఠం పాటించబోయి చేసిన పొరపాటు అది. ఆవిడ అన్నట్టు, తప్పు దగ్గరే నాకు అతని చెయ్యి కనపడింది. మీలో ఆవిడను ఎదురుగా చూసినవారు మచ్చను మనసులో దాని చోటికి మార్చుకోండి.

రెండో ఒప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను. "ఇది ఎలా సాధ్యం?" అని రాసిన ఆ డబ్బింగు మనిషెవరో నాకు తెలియదు. అతనికీ ఎప్పుడో ఒకనాడు అలాంటి ఫోనే వచ్చి ఉంటుంది. ఆ క్షణంలో మనిషి నోట అమ్మా, అయ్యో రావు. ఆ మాటే వస్తుంది. ఇన్నేళ్లూ అతని మీద పడిన నా కేకలు వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ చెప్పిన రెండు ఒప్పులూ వినవలసిన మనిషి లేరు. ఈ ప్రాంతంలో తప్పులకు కొదవ లేదు, వాటిని పట్టేవాళ్లకూ లేదు. పట్టినవాణ్ణి అక్కడే నిలబెట్టి, ఇందులో బాగున్నదేమిటో చెప్పమని అడిగే మనిషి మాత్రం ఇక రారు. టీచర్ గారూ, మీ నియమం ప్రకారం తప్పు చెప్పాను, ఒప్పూ చెప్పాను. ఇక నిచ్చెన వదలొచ్చు. చేతులు రావడం లేదు.